ఆ మూడు సర్వర్లకే ఎందుకలా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనగానే ఊళ్లో వాళ్లు అడిగే మొదటి ప్రశ్న జీతం ఎంత అని. రెండోది, "ఇంతకీ ఏం తయారు చేస్తావమ్మా?" అని. మొదటిదానికి నవ్వి ఊరుకోవచ్చు. రెండోదానికే నా దగ్గర సరైన జవాబు ఉండదు. నేను యాప్‌లు చెయ్యను, వెబ్‌సైట్లు చెయ్యను. అవి నడిచే సర్వర్లను చూసుకుంటాను. ఏ సర్వర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలి, దానికి ఎంత మెమరీ ఇవ్వాలి, లోపలికి వెళ్లే అనుమతి ఎవరెవరికి ఉండాలి... ఇవన్నీ ఉండాల్సినట్టు ఉన్నాయో లేదో చూడటం నా పని. అంతా సవ్యంగా ఉన్నన్నాళ్లూ నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. తేడా వస్తే మాత్రం అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది.

ఇంజినీరింగ్ అయ్యి ఈ పనిలోకి వచ్చి ఆరేళ్లయింది. నాలుగేళ్ల చదువులో దీని గురించి ఒక్క పాఠం కూడా లేదు. నేర్చుకున్నదంతా పనిలోనే. అందులో ఎక్కువ భాగం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది: అన్ని సర్వర్లకూ ఒకటే రూలు పెట్టాక, ఏదో ఒక సర్వర్‌కి మాత్రం వేరేగా ఉండాలంటే, ఆ మాట ఎక్కడ రాయాలి?

ఒక్క సర్వరే ఉంటే ఇది సమస్యే కాదు. లాగిన్ అయ్యి, కావాల్సింది మార్చి, బయటికి వచ్చేస్తాం. పది ఉన్నా ఎలాగో నెట్టుకొస్తాం. అరవై దాటాక చేత్తో చేసుకుంటూ కూర్చుంటే ఒకదాంట్లో మార్చింది ఇంకోదాంట్లో మర్చిపోవడం ఖాయం. ఈ తలనొప్పి కొత్తదేం కాదు. నార్వేలో ఓస్లో యూనివర్సిటీలో ఉన్న మార్క్ బర్జెస్ 1993లోనే దీనికోసం సీఎఫ్‌ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. తర్వాత 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. ఆన్సిబుల్ అన్న పేరు ఉర్సులా లె గ్విన్ 1966లో రాసిన సైన్స్ ఫిక్షన్ నవలలోది. ఎంత దూరంలో ఉన్న లోకానికైనా క్షణంలో కబురు చేరవేసే పరికరం అది. మేం వాడేది ఇదే.

వీటన్నిటి కిటుకూ దాదాపు ఒకటే. సర్వర్ ఎలా ఉండాలో మనం ఒక ఫైల్లో రాసిపెడతాం. సాఫ్ట్‌వేర్ ఆ ఫైలు చదివి, సర్వర్ ఎలా ఉందో చూసి, తేడా ఉన్నచోట మాత్రం సరిచేస్తుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం అదే. వినడానికి ఎంత హాయిగా ఉందో కదా! చిక్కల్లా, అన్ని సర్వర్లూ ఒకేలా ఉండవు.

ఇది అర్థం కావాలంటే మా తెనాలి ఇంట్లో వంట చూడాలి. నా చిన్నప్పుడు ఇంట్లో ఐదుగురం. పప్పు, కూర, చారు అందరికీ ఒకటే. నాన్నకీ తాతయ్యకీ కారం పడదు కాబట్టి పెద్దవాళ్లిద్దరికీ కూర ముందే కొంచెం పక్కకు తీసేది అమ్మ. తాతయ్యకు పళ్లు లేవు, ఆయన ఒక్కడికీ అన్నం మెత్తగా వండేది. తమ్ముడికి వంకాయ పెట్టేది కాదు. అందరికీ ఒకటి, కొందరికి ఒకటి, ఒక్కరికి ఒకటి. అమ్మ ఇదంతా ఎక్కడా రాసుకోలేదు. చేతికి వచ్చేసిందంతే.

ఆన్సిబుల్‌లో కూడా ఇవే మూడు అరలు. అందరికీ వర్తించేవి ఒక ఫైల్లో ఉంటాయి. వెబ్ సర్వర్లు, డేటాబేస్ సర్వర్లు అంటూ ఒకే పని చేసే గుంపుకి ఒక ఫైలు ఉంటుంది. చివరగా ఒక్కో సర్వర్‌కి దాని పేరుతోనే ఒక ఫైలు. ఒకే విషయం రెండు చోట్ల రాసి ఉంటే, ఆ సర్వర్‌కి ఎక్కువ దగ్గరగా ఉన్న ఫైలు మాటే చెల్లుతుంది. గుంపు చెప్పినదాన్ని సర్వర్ ఫైలు కాదనగలదు. పప్పెట్‌లో హైరా అనేది కూడా ఇలాగే పొరలు పొరలుగా వెతుకుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. లోపలికి దిగితేనే మెలికలు. ఒక విలువ ఎక్కడెక్కడి నుంచి రావచ్చో, ఏది దేన్ని మించుతుందో చెప్పడానికి ఆన్సిబుల్ డాక్యుమెంటేషన్‌లో ఒక జాబితా ఉంది. అందులో 22 మెట్లున్నాయి. ఒక సర్వర్ రెండు సమానమైన గుంపుల్లో ఉందనుకోండి. రెండు గుంపులూ ఒకే సెట్టింగ్‌కి వేర్వేరు విలువలు చెప్పాయనుకోండి. మనం ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే, గుంపు పేరు అక్షరక్రమంలో ఏది వెనక ఉంటే దానిదే గెలుపు. ఇద్దరు మామయ్యలు చెరో మాట చెబితే, పేరులో ఏ అక్షరం వెనకుందో చూసి తీర్పు చెప్పినట్టన్నమాట.

మూడేళ్ల కిందట నేను ఇప్పటి కంపెనీలో చేరేనాటికి మా దగ్గర 64 సర్వర్లు, వాటికి 64 ఫైళ్లు ఉన్నాయి. చిన్న దుకాణాల వాళ్లు వాడుకునే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది. కొత్త సర్వర్ వచ్చినప్పుడల్లా పక్కదాని ఫైలు కాపీ చేసి, పేరు మార్చి పెట్టేవాళ్లు. దాంతో ఒక్కో ఫైల్లో నలభై, యాభై లైన్లు. అందులో నిజంగా ఆ సర్వర్‌కే చెందినవి రెండో మూడో ఉండేవి. మిగతావన్నీ పక్కింటి సామాను.

ఆ ఫైళ్ల మధ్య దారి తెలిసిన మనిషి ఒక్కరే. మేమంతా "అన్నా" అని పిలిచే మా సీనియర్. మొదటి సర్వర్ నుంచీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఏ సర్వర్‌కి ఏ అలవాటో, ఏది ఎందుకు అలా ఉందో అడిగితే ఫైలు తెరవకుండానే చెప్పేవారు. నేను చేరిన కొత్తలో 61 సర్వర్లలోకి లాగిన్ అవ్వగలిగాను కానీ, మూడు డేటాబేస్ సర్వర్లు నన్ను రానివ్వలేదు. టీమ్‌లో అడిగితే, "వాటికి అంతే, పనుంటే అన్నకి చెప్పు" అన్నారు. ఆ మూడింటికే ఎందుకలా అన్నది ఎవరికీ తెలియదు. "వాటికి అంతే" అన్నది అప్పటికే టీమ్‌లో ఒక సామెత అయిపోయింది.

కిందటేడాది అన్న వేరే కంపెనీకి వెళ్లిపోయారు. నాలుగు రోజులు కూర్చుని తెలిసినదంతా రాసిచ్చారు, కేక్ కట్ చేశాం, వెళ్లారు. ఉద్యోగం మానేసిన వాళ్ల అనుమతి తీసేయడం మా దగ్గర మామూలు పని. లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఒక డిజిటల్ తాళంచెవి ఉంటుంది. ఆ తాళంచెవుల జాబితా అందరి ఫైల్లో ఉంటుంది. ఆన్సిబుల్ నడిచిన ప్రతిసారీ ప్రతి సర్వర్‌లోనూ ఆ జాబితాను మొత్తం కొత్తగా రాస్తుంది. జాబితాలోంచి ఒక లైను తీసేస్తే ఆ మనిషికి అన్ని తలుపులూ మూసుకున్నట్టే. అన్న లైను అదే రోజు సాయంత్రం తీసేశారు.

ఏడు నెలలు గడిచాయి. ఒక పెద్ద కస్టమర్ తరఫున సెక్యూరిటీ ఆడిట్ జరిగింది. ఆడిటర్లు ప్రతి సర్వర్‌లోనూ తాళంచెవులు లెక్కపెట్టారు. మూడు డేటాబేస్ సర్వర్లలో అన్న తాళంచెవి ఇంకా పనిచేస్తోందని రిపోర్టు ఇచ్చారు.

ఆ రోజు మీటింగ్‌లో గాలి ఎలా మారిందో చెప్పాలి. మొదట అందరూ నివ్వెరపోయారు. తర్వాత ఒకాయన అన్నారు, "పోతూ పోతూ తలుపు తీసి పెట్టుకుని పోయాడన్నమాట." ఎవరూ కాదనలేదు. లెక్కలు కూడా సరిపోయేలాగే ఉన్నాయి. మిగతా 61లో లేదు, కస్టమర్ల డేటా ఉన్న ఆ మూడింట్లోనే ఉంది. ఆ మూడింటినీ మొదట్నుంచీ దగ్గరుండి చూసుకున్నది ఆయనే. కొత్తవాళ్లు లోపలికి వెళ్లలేకపోయేవాళ్లు అన్న సంగతి కూడా ఇప్పుడు వేరే రంగులో కనిపించసాగింది. ఆయన కొత్త కంపెనీకి మెయిల్ పెట్టాలా అన్న మాట కూడా వచ్చింది. పదిహేనేళ్ల సర్వీసున్న మనిషి పేరు పది నిమిషాల్లో అలా అయిపోయింది.

కారణం వెతకమని నాకు ఒక రోజు ఇచ్చారు. మొదట లాగ్‌లు తీశాను. ఆయన వెళ్లిన రోజు నుంచి ఆ తాళంచెవితో ఆ సర్వర్లలోకి ఒక్కసారి కూడా ఎవరూ రాలేదు. సగం బరువు అక్కడే దిగింది. ఆ తర్వాత ఆ మూడు సర్వర్ల ఫైళ్లు తెరిచాను. యాభై లైన్ల పక్కింటి సామాను మధ్యలో తాళంచెవుల జాబితా ఇంకొకటి కనిపించింది.

గిట్‌లో ఏ లైను ఎప్పుడు, ఎవరు రాశారో దాచిపెట్టినా దాగదు. ఆ జాబితా నేను చేరడానికి నెల ముందు వచ్చింది. రాసింది అన్న కాదు. డేటాబేస్ అమ్మిన వెండార్ ఇంజినీర్ ఒకాయనకు రెండు వారాలు లోపలికి వచ్చే అనుమతి కావాల్సి వచ్చింది. అందరి జాబితాలో ఆయన పేరు పెడితే 64 సర్వర్లలోకీ వెళ్లగలడు. అది మంచిది కాదు కాబట్టి ఆ మూడు సర్వర్ల ఫైళ్లలో మాత్రమే పెట్టారు. ఆలోచన సరైనదే.

అయితే సర్వర్ ఫైల్లో రాసిన జాబితా, అందరి జాబితాకి తోడవదు. దాన్ని పూర్తిగా పక్కకు నెట్టి దాని చోట్లో కూర్చుంటుంది. కాబట్టి వెండార్ పేరు ఒక్కటే రాస్తే మా వాళ్లందరికీ తలుపు మూసుకుంటుంది. అందుకని ఆ రోజు జాబితాలో ఉన్న తొమ్మిది మంది తాళంచెవులనూ కాపీ చేసి, కింద పదోదిగా వెండార్‌ది చేర్చారు. ఆ మార్పు దగ్గర రాసిన కారణం ఒకే ఒక్క మాట: "టెంపరరీ".

ఆ క్షణం నుంచి ఆ మూడు సర్వర్లకు అందరి జాబితాతో సంబంధం తెగిపోయింది. తర్వాత నెలలో చేరిన నా పేరు అందరి జాబితాలోకి వచ్చింది కానీ వాటికి చేరలేదు. అందుకే అవి నన్ను రానివ్వలేదు. అన్న పేరు అందరి జాబితాలోంచి పోయింది, వాటికి ఆ సంగతీ తెలియలేదు. అవి ఆ తొమ్మిది మందితో, ఆ రోజు దగ్గరే ఆగిపోయాయి. అన్నిటికన్నా విచిత్రం, రెండు వారాల కోసం వచ్చిన వెండార్ ఇంజినీర్ తాళంచెవి కూడా అక్కడే ఉంది. మీటింగ్‌లో దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. రిపోర్టులో అదీ ఉంది. కాకపోతే ఆ పేరు ఎవరికీ తెలిసింది కాదు. తెలిసిన పేరు దొరికేసరికి అందరి వేళ్లూ దానివైపే తిరిగాయి.

మర్నాడు ఆ మూడు ఫైళ్లూ, గిట్ చరిత్రా, లాగ్‌లూ వరసగా స్క్రీన్ మీద చూపించాను. మెయిల్ మాట అక్కడితో ఆగింది. తలుపు గురించి అన్న పెద్దమనిషి చాలాసేపు ల్యాప్‌టాప్‌లోకే చూస్తూ కూర్చున్నారు.

మాది చిన్న కంపెనీ కాబట్టి ఇది రెండు మీటింగులతో పోయింది. ఒక్క సర్వర్ మిగతావాటికి వేరుగా ఉండిపోతే ఏమవుతుందో అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీ 2012 ఆగస్టు 1న చూసింది. ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాలి. ఏడింట్లో పెట్టారు, ఒకదాంట్లో పెట్టలేదు. కొత్త కోడ్‌ని ఆన్ చెయ్యడానికి ఎప్పటిదో పాత స్విచ్ ఒకదాన్ని మళ్లీ వాడారు. ఆ ఎనిమిదో సర్వర్‌లో అదే స్విచ్ 2003లోనే వాడటం మానేసిన పాత కోడ్‌ని నిద్రలేపింది. 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఎందుకు పెట్టారో అందరూ మర్చిపోయిన వస్తువు ఎంత ప్రమాదమో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత 64 ఫైళ్లనూ శుభ్రం చేసే పని నాకే వచ్చింది. రెండు నెలలు పట్టింది. పద్ధతి మాత్రం సాదాసీదాదే. ప్రతి లైను దగ్గరా ఆగి ఒకటే అడిగాను: ఈ మాట ఎంతమందికి నిజం? అందరికీ నిజమైతే అందరి ఫైల్లోకి పంపాను. డేటాబేస్ సర్వర్లన్నిటికీ నిజమైతే ఆ గుంపు ఫైల్లోకి. రెండు సర్వర్లకు ఒకే మినహాయింపు కనిపిస్తే, అది మినహాయింపు కాదు, ఇంకా పేరు పెట్టని గుంపు అనుకుని కొత్త గుంపు చేశాను. ఆ ఒక్క సర్వర్‌కే నిజమైనవి మాత్రం దాని ఫైల్లో ఉంచాను.

కొన్ని అసలు రాయనక్కర్లేదు. మెమరీ ఎంత, ప్రాసెసర్లు ఎన్ని అన్నది సర్వర్‌నే అడిగితే చెబుతుంది. ఆన్సిబుల్ పని మొదలుపెట్టే ముందు ఆ వివరాలు తనే సేకరించుకుంటుంది. మేం చేత్తో రాసిపెట్టుకున్నాం కాబట్టి, ఒక సర్వర్‌కి మెమరీ 16 జీబీ నుంచి 32కి పెంచి ఏడాదైనా, ఫైల్లో 16 అనే ఉంది. డేటాబేస్ పాపం ఆ 16 లెక్కతోనే సర్దుకుంటోంది.

జాబితాల సంగతికి వేరే ఏర్పాటు చేశాం. అందరి జాబితాకి ఒక పేరు, "అదనం" అనే జాబితాకి ఇంకో పేరు. సర్వర్ ఫైల్లో అదనం మాత్రమే రాయొచ్చు. చివర్లో రెండూ కలిపి సర్వర్‌లోకి వెళ్తాయి. ఇప్పుడు ఒకరిని చేర్చడానికి తొమ్మిది మందిని కాపీ చెయ్యక్కర్లేదు, ఒకరిని తీసేస్తే ఎక్కడా మిగిలిపోరు.

ఏదైనా కదిపే ముందు, ఆ సర్వర్‌కి చివరికి ఖాయమైన విలువలన్నీ చూపించమని ఆన్సిబుల్‌ని అడిగేదాన్ని. మార్చాక మళ్లీ అడిగేదాన్ని. రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి, మేం కావాలని మార్చింది తప్ప ఇంకేదీ మారలేదని చూశాకే ముందుకు. ఇల్లు సర్దేటప్పుడు పోపులపెట్టె చోటు మారొచ్చు కానీ, అందులో దినుసులు మారకూడదు కదా.

అన్నీ చెత్తే అనుకుంటే పొరపాటు. ఒక సర్వర్‌లో కనెక్షన్ తెగ్గొట్టే గడువు మిగతావాటికి 30 సెకన్లయితే, దానికి 90 ఉంది. గిట్‌లో కారణం లేదు. తీసేసి గుంపుతో కలిపేయడం తేలిక. అన్నకు ఫోన్ చేశాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు ఆయన. "దాన్ని ముట్టుకోకమ్మా. పాడేరు వైపు మందుల షాపులు నాలుగున్నాయి, వాళ్లు ఆ సర్వర్‌కే వస్తారు. రాత్రి షాపు కట్టేశాక రోజు బిల్లులన్నీ ఒకేసారి పంపిస్తారు. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. 30 పెడితే సగంలో తెగిపోయి, పాపం మళ్లీ మొదట్నుంచి పంపుకోవాలి" అన్నారు. ఆ ఒక్క అంకె వెనక నాలుగు కొండ ఊళ్లున్నాయి. ఫైలు చూస్తే ఎవరికి తెలుస్తుంది?

అప్పుడే ఆడిట్ విషయం కూడా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నా పేరు ఎంతదాకా వెళ్లింది?" అని మాత్రం అడిగారు. మా గది దాటలేదని చెప్పాను. "అన్నీ తలలో ఉన్నాయి కదా అని నేనే రాయలేదు. రాసి ఉంటే ఆ మూడు ఫైళ్లూ అప్పుడే ఎవరో ఒకరికి కనిపించేవి" అన్నారు. ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ వినిపించింది.

ఇప్పుడు మా దగ్గర సర్వర్ ఫైళ్లు 11 మాత్రమే ఉన్నాయి. మిగతా సర్వర్లకు సొంత ఫైలే అక్కర్లేకపోయింది. ఆ 11 ఫైళ్లలో ప్రతి మినహాయింపు పైనా మూడు విషయాలు రాయాలన్నది టీమ్ రూలు: ఎందుకు, ఎవరు అడిగారు, మళ్లీ ఎప్పుడు చూడాలి. ఈ మూడూ లేకపోతే ఆ మార్పును ఎవరూ ఒప్పుకోరు. పాడేరు షాపుల సంగతి ఇప్పుడు 90 పక్కనే ఉంది.

ఈ పని నడుస్తున్న రోజుల్లోనే ఒకసారి ఇంటికి వెళ్లాను. అమ్మ గుత్తివంకాయ చేసి, తమ్ముడికి మాత్రం విడిగా బంగాళాదుంప వేపుడు చేస్తోంది. వాడికిప్పుడు 25 ఏళ్లు. "వాడికి వంకాయ ఎందుకు పెట్టవమ్మా?" అని అడిగాను. "వాడికి పడదు" అంది. ఎప్పుడు పడలేదు అంటే కాసేపు ఆలోచించి, చిన్నప్పుడు ఒకసారి తిని ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయంది. అప్పుడు వాడికి జ్వరం మందులు కూడా వాడుతున్నారట. దద్దుర్లు దేనివల్లో ఎవరికీ తెలియదు. తమ్ముడు తల గీరుకుంటూ, "హాస్టల్లో నాలుగేళ్లూ తిన్నానమ్మా, ఏం కాలేదు" అన్నాడు. అమ్మ ఇరవై ఏళ్లుగా రెండో కూర చేస్తూనే ఉంది. మరి నాన్నకి కారం తగ్గించడం? దానికి డాక్టర్ రాసిచ్చిన చీటీ ఫ్రిజ్ మీద ఉంది, దాన్ని ఎవరూ కదపరు.

పోయిన నెల మా టీమ్‌లో ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. రెండో రోజే నా సీటు దగ్గరికి వచ్చి, "అక్కా, ఈ సర్వర్‌కి మాత్రం 90 ఎందుకుంది?" అని అడిగాడు. ఫైలు తెరిచి పైన రాసింది చదవమన్నాను. చదివాడు. "ఓహో, పాడేరా" అనుకుంటూ వెళ్లిపోయి తన పని చూసుకున్నాడు.